చక్కెర లేని టీ

ఏ జబ్బు మీద పరిశోధనకు డబ్బివ్వాలో తేల్చే కమిటీ ఒకటి మా ఆఫీసులో ఉంది. సభ్యులు ఐదుగురు డాక్టర్లు. మినిట్స్ రాసే గుమస్తాను నేను. జబ్బుపడ్డవాళ్ళ మాట కూడా వినాలని పైనుంచి ఉత్తర్వు రావడంతో ఆ ఏడాది ఆరో కుర్చీ వేశారు. అందులో కూర్చోవడానికి వచ్చినావిడ స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ.

పదమూడో ఏట మొదలైంది ఆవిడ కడుపునొప్పి. మొదటి డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన పెళ్ళయితే తగ్గుతుందన్నాడు. అయింది, తగ్గలేదు. పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. ఇద్దరు పుట్టారు. అప్పుడు మనసు గట్టి చేసుకోమన్నారు! పొట్టకు వేడినీళ్ళ సంచి కట్టుకుని మిషన్ తొక్కుతూ, ఆస్పత్రుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, ముప్ఫైనాలుగో ఏట ఎండోమెట్రియోసిస్ అన్న పేరు చెవిన పడింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరుగుతుందట. ఎందుకు పెరుగుతుందంటే, సరిగ్గా తెలియదట. ఆ మాట వినడానికి ఇరవై ఒక్కేళ్ళా? ఆవిడ చెబుతుంటే నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఇప్పుడు ఆవిడ కూతురికి పదమూడు. నొప్పి మొదలైంది. ఆ జబ్బు ఎందుకొస్తుందో వెతుకుతామన్న ఫైలు ఆ రోజు మూడోది. దానికోసమే కుట్టుపని మానుకుని వచ్చింది.

మీటింగుకు ముందు టీ ఇచ్చారు. చక్కెర వద్దని నలుగురు డాక్టర్లు చేతులెత్తారు. వాళ్ళలో ఒకరైన ఛైర్మన్ గారు పనిలో పనిగా మాత్ర కూడా వేసుకున్నారు.

మూడో ఫైలు తెరిచి ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏడో నిబంధన ప్రకారం, చర్చలో సొంత ప్రయోజనం ఉన్నవాళ్ళు బయటికెళ్ళాలి. అమ్మా, మీకీ జబ్బు ఉంది కదా..."

"ఉంది కాబట్టే కదండీ పిలిచారు?"

"రూలంటే రూలేనమ్మా."

తలుపు తీయాల్సింది నేనే. తీశాను. తల కొట్టేసినట్టయింది.

లోపల ఆరు నిమిషాలు మాట్లాడారు. ప్రాణం తీసే జబ్బు కాదన్నారు. కారణాలు వెతకడానికి ఏళ్ళు పడుతుంది, మందు కనిపెడతామంటే చూద్దామన్నారు. కారణం తెలియకుండా మందెలా వస్తుందో ఎవరూ నన్నడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణి. వచ్చే ఏడాదికి వాయిదా అని రాసుకున్నాను.

ఆవిడ లోపలికి వచ్చి నా మొహం చూడగానే సంగతి అర్థం చేసుకుంది. నాలుగో ఫైలు షుగర్ జబ్బుది. ఛైర్మన్ గారు చదవడం మొదలుపెట్టారు.

"ఏడో నిబంధన చదవలేదేంటండీ?" అంది.

"దీనికి అవసరం లేదమ్మా."

"పొద్దున చక్కెర లేని టీ తాగినవాళ్ళు నలుగురు. కొలతలు తీసే కళ్ళండీ నావి, ఊరికే మర్చిపోవు. లేవండి మరి. తలుపు గుమస్తాగారు తీస్తారు."

నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను. నా ఉద్యోగం అదే కదా. ఒక్కరూ కదల్లేదు. ఛైర్మన్ గారు కాసేపు ఖాళీ కప్పు వంక చూసి, మూడో ఫైలు మళ్ళీ ముందుకు లాక్కున్నారు.

"కూర్చోండమ్మా. చెప్పండి."

"నాకిది ఎందుకొచ్చిందో నాకు తెలీదు. నన్ను చూసిన పదకొండుమంది డాక్టర్లకీ తెలీదు. మీకు తెలుసా?"

ఛైర్మన్ గారు ఫైల్లో పేజీలు తిరగేశారు.

"నిన్న మా అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళానండీ. గ్యాస్ అన్నాడు."

వాయిదా అన్న మాట కొట్టేయమన్నారు ఛైర్మన్ గారు. నేను అప్పటికే కొట్టేశాను.