రెక్కల మనిషి ఆట

నిన్న మార్కాపురంలో పాత పుస్తకాల బండి మీద చిన్నప్పుడు చదివిన ఆ బొమ్మల పుస్తకం కనిపించింది. రెక్కలున్న హీరో ఊరిని కాపాడతాడు, ఊరు అతన్నే తరిమేస్తుంది. దుప్పటి కట్టుకుని మీరూ ఆ ఆట ఆడే ఉంటారు.

మా ఆటలో రెక్కలు ఎప్పుడూ నావే. నా స్నేహితురాలు షాహీనా తరిమే జనం. మా నాయన షాహీనా వాళ్లకు మా ఇంటి పక్క పోర్షన్ అద్దెకివ్వనన్న మర్నాడు, "ఈ పొద్దు రెక్కలు నాకియ్యి" అంది. ఇచ్చాను. తరమాల్సింది నేను.

"ఏందే, డైలాగు మర్చిపోయినావా? సాయిబులకు ఇల్లు ఇచ్చేది లేదని నిన్న మీ నాయన మా అబ్బాతో అన్నాడు గదా. అట్లనే అను."

అనలేకపోయాను. ఇంట్లోకి పోయి, ఎందుకు ఇవ్వలేదని నాయనను అడిగాను. ఆ పోర్షన్ ఏడాదంతా ఖాళీగానే ఉండిపోయింది.