అట్లాసుకు చుట్టకుదురు

ఉదయగిరిలో గరిటెలు, స్పూన్లు చెక్కి బతికేవాళ్లం మేము. మనిషి బొమ్మ కావాలని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆత్మకూరు నుంచి రిటైరైన సోషల్ మాస్టారొకరు వచ్చి, ఫోన్‌లో ఫోటో చూపించి, అలాంటిది నర్ది కట్టెతో చెయ్యమన్నారు. గ్రీకు పురాణాల్లో అట్లాస్ అట. వంగిన మెడ మీద భూగోళం మోస్తున్నాడు. "ఫోటోలో ఉన్నట్టే ఉండాలమ్మా. తేడా వస్తే తీసుకోను" అని ముందే చెప్పారు. బొమ్మలు కూడా చేస్తామని నలుగురికీ తెలిస్తే నా బతుకంతా స్పూన్లతోనే తెల్లారదని నా ఆశ.

కాళ్లూ చేతులూ నేను చెక్కాను. మెడ మా అత్తకిచ్చాను. ఆమె చేతిపనికి వంక పెట్టలేం, నోటికైతే పెట్టొచ్చు. మూడో రోజు చూద్దును గదా, భూగోళం కింద గుండ్రంగా చుట్టకుదురు! పాతచీర మెలిపెట్టి చుట్టినట్టు మడతలతో సహా చెక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేంది అత్తా? ఫోటోలో ఉండాదా ఇది?"

"ఎంతసేపు మొయ్యాలంట ఆయన?"

"ఎప్పటికీ. దించేది లేదు. దేవుళ్లు ఏసిన శిక్షంట."

"మొయ్యమన్నారు, మోస్తాడు. కుదురు పెట్టుకోవద్దన్నారా?"

కుదురును చెక్కి తీసేద్దామని ఉలి తీసుకున్నాను. పెళ్లయిన కొత్తలో కొండ మీంచి కట్టెల మోపులు మోసిన మనిషి ఆమె. ఇప్పటికీ మెడ పట్టేస్తే నేనే నూనె రాస్తాను. ఎంత కోపమున్నా నాకు చెయ్యి రాలేదు.

మాస్టారు వచ్చి బొమ్మను తిప్పి తిప్పి చూశారు. కుదురు దగ్గర వేలు ఆగింది.

"ఇదెవరు పెట్టింది?"

ఆమెను ఒక్క మాటన్నా నేను ఓర్చుకోలేను. "నేనే సార్, తప్పయిపోయింది" అన్నాను.

"అబద్ధం అయ్యవారూ" అంది అత్త, పక్కనే గరిటెకు ఆకురాయి పడుతూ. "దీనికి బిందె ఎత్తుకోనే రాదు, కుదురు సంగతేం తెలస్తాది? నేనే పెట్టినాను. ఒద్దంటే ఈడనే పెట్టి పోండి."

మాస్టారు బొమ్మను కింద పెట్టలేదు. "ఏళ్ల తరబడి పిల్లకాయలకు ఈయన కత చెప్పినాను. మెడ నొప్పి పుడతాదని ఒక్కనాడన్నా తోచలేదు తల్లీ" అన్నారు.

అత్త గరిటె మీంచి తలెత్తలేదు.

"ఈ తూరి ఫోటో తెస్తే కూసోనుండేవాణ్ణి తీసుకోని రాండి" అంది.