లస్కరు వస్తున్నాడు

1948 అక్టోబరు. హైదరాబాదు పోలీసు చర్య ముగిసి నెల కాలేదు. ఉదయం ఆరున్నరకు, సన్నటి వానలో, బెజవాడ స్టేషన్లో దిగాం. వంతెనలు కట్టే సాపర్లం. ముప్ఫై మందిమని గవర్నర్‌పేట కాఫీ హోటల్లో చెబుతుంటాను. నిజానికి పదకొండు మందిమి. లారీ ఒకటే, అదీ తోస్తేనే కదిలేది.

బెజవాడకు పన్నెండు మైళ్ల దిగువన, గొడవల్లో ఎవరో కూలగొట్టిన కాలువ వంతెనను మళ్లీ నిలబెట్టడం మా డ్యూటీ. స్తంభం పని కోసం కాస్త ఎగువనున్న కాలువ తలుపు ఆఫీసు వాళ్ల చేత దింపించి నీళ్లు ఆపాం. వరి పొట్ట మీద ఉంది. ఐదో రోజుకు చివరి చేలు నెర్రెలిచ్చాయి. మూడెకరాలు కౌలుకు చేసే వెంకమ్మగారనే ముసలామె రోజూ గట్టు మీదికొచ్చి మా పని చూసేది. ఆరో రోజు నన్ను పట్టుకుంది.

"ఏం నాయనా, వంతెన కట్టాక దాని మీద బళ్లలో ఏం తోలుకెళ్లమంటావు? తాలా?"

మా సుబేదారుకు హిందుస్తానీలో చెప్పాను. మర్నాడు పన్నెండుకు నీళ్లు వదులుతామని ఆయన మాటిచ్చి, క్యాంపు ద్వారా కాలువ ఆఫీసుకు కబురంపాడు.

మర్నాడు పదకొండుంబావుకు వైర్‌లెస్ జవాను కేకేశాడు. "సాబ్, లష్కర్ ఆ రహా హై. గట్టు దారి. బారా బజే."

హిందుస్తానీలో లష్కర్ అంటే సైన్యం. పన్నెండుకు సైన్యం వస్తోందన్నమాట. సుబేదారు నా వైపు తిరిగి, నువ్వు ఇక్కడివాడివి కదా, ఇది ఎవరి లష్కర్ అని అడిగాడు. తెలియదనడం నా జన్మలో లేదు.

"హైదరాబాదు సరిహద్దు దాటొచ్చిన దండే సాబ్. పెద్దదే."

పది నిమిషాల్లో పనిముట్లు వదిలి, రైఫిళ్లతో గడ్డిలో బోర్లా పడుకున్నాం. మనిషికి పది తూటాలు. ఎండ మాడ్చేస్తోంది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా గట్టు మలుపులో ఇరవై మంది కనిపించారు. భుజాల మీద పొడుగ్గా ఏవో ఉన్నాయి. ముందు ఖాకీ చొక్కా మనిషి, చేతిలో ఇనప కడ్డీ. నూట యాభై గజాలు. నూరు.

అప్పుడు నేను లేచి తుపాకులకు అడ్డం నిలబడ్డానని మనవలకు చెప్పాను. లేవలేదు. గుంపులోంచి వెంకమ్మగారే నెత్తిన కుండతో గబగబా ముందుకొచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది.

"అలా పడుకున్నారేంటర్రా, ఎండదెబ్బా? ఎవరన్నా లేచి ఈ మజ్జిగ కుండ దించండి. లస్కరొచ్చాడు, తలుపెత్తుతాడు."

లస్కరు. కాలువ తలుపులు ఎత్తి దించే ఉద్యోగిని మా కృష్ణా వైపు అలాగే అంటారు. పుట్టినప్పటి నుంచి విన్న మాట. ఆరేళ్లు పటాలంలో తిరిగి, దాన్ని హిందుస్తానీలా విన్నాను. భుజాల మీదవి పారలు. ఇనప కడ్డీ తలుపు తిప్పే హ్యాండిలు.

సుబేదారు తనే లేచి కుండ దించాడు. తలుపు మర బిగుసుకుపోయి తిరగలేదు. జవాన్లూ రైతులూ ఒకే తాడు పట్టుకుని లాగారు. పన్నెండు నలభైకి నీళ్లు కదిలాయి. మర్నాడు పొద్దుటికి వెంకమ్మగారి చేలో పడ్డాయి. ఆ తర్వాత లస్కరునీ రైతులనీ కూర్చోబెట్టి అడగందే మేం గడ్డపార ఎత్తలేదు. ప్రతి మాటనూ సుబేదారు ఊరి కరణం చేత మరోసారి చెప్పించుకునేవాడు. నా తెలుగు మీద అంత నమ్మకం.

మూడు వారాలకు వంతెన పూర్తయింది. డిసెంబరులో సెలవు మీద ఇంటికొచ్చి, ఈ లస్కరు కథతో ఊరంతా నవ్వించాను. ఇన్నేళ్లుగా నవ్విస్తూనే ఉన్నాను. కానీ ఇప్పటికీ మధ్యాహ్నం పన్నెండు దాటేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గట్టు మీద నడిచొస్తున్న లస్కరు ఛాతీ మీద ఇత్తడి బిళ్ల ఉంది. ఎండకు మెరుస్తోంది. నా గురి దాని మీదే. ట్రిగ్గరు సగం దాకా నొక్కాను. ఆయన తల మాత్రం తిప్పి వెనకున్న వెంకమ్మగారితో ఏదో అని నవ్వాడు. నవ్వుతుంటే బిళ్ల కొంచెం పక్కకు జరిగింది. నేను దాని వెంటే గురి జరిపాను.