యాదగిరన్న చేయని ఒక తప్పు

యాదగిరన్న ఇక లేరన్న కబురు మొన్న ఉదయం ఫోన్లో విని నిశ్చేష్టురాలినయ్యాను. చైతన్యపురిలోని ఆయన కంప్యూటర్ల దుకాణంలో ఆరేళ్లు పనిచేసినదాన్ని. ఆ మనిషికి గుండెపోటంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

నల్గొండ పల్లె నుంచి వచ్చి స్వయంకృషితో విద్య గడించిన సహనశీలి. విండోస్ లాంటి ఓఎస్‌ను సీడీతో ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయిందా, మేమంతా కంప్యూటర్‌ను తిట్టేవాళ్లం. ఆయన సీడీని వెలుతురుకెత్తి చూసి, "మిషన్ను తిట్టకు చెల్లె. సీడీ సక్కగ లేదు. స్పీడు తగ్గించి ఇంకోటి రైట్ చెయ్," అనేవారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఫుల్ స్పీడులో రైట్ చేసి మూడు సీడీలు తగలేసేదాన్ని. నవ్వుతూ నాలుగోది చేతిలో పెట్టేవారు.

ఆయనకొక నియమం. ఓఎస్ ఎక్కించే ముందు మిషన్ విప్పి, ఫొటోలూ ఫైళ్లూ ఉన్న రెండో డిస్కు తీగ పీకేయాల్సిందే. "ఓఎస్ పోతే మల్ల ఎక్కుతది. మనిషి దాసుకున్నది పోతే ఏడికెల్లి తెస్తం?" అనేవారు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. మర్నాడు బంద్ అన్నారు. బస్సులు ఆగేలోపు ఎల్బీనగర్‌లో ఇంటికి చేరాలన్న కంగారులో నేను తీగ పీకలేదు. ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీద కనిపించిన రెండు డిస్కుల్లో తప్పుదాన్ని చెరిపేశాను. ఆ కంప్యూటర్ నాగోల్‌లో ఉండే ఒక మాస్టారిది. చెరిగిన డిస్కులో గతించిన ఆయన భార్య ఫొటోలున్నాయి.

బంద్ ముగిశాక మాస్టారి కొడుకు వచ్చి, "ఎవలు చేసిండ్రు గీ పని?" అని అరిచాడు. మాది గుంటూరు వైపు. నోరు విప్పితే ఊరు తెలిసిపోతుంది.

యాదగిరన్న లేచి, "నేనే చేసిన బిడ్డా. తప్పయింది," అన్నారు.

నానా మాటలూ పడ్డారు. వారం రోజులు కూర్చుని సగం ఫొటోలు వెలికితీశారు. మిగతావి రానే లేదు. "మీరెందుకు మాటపడ్డారన్నా?" అని నేను ఏడిస్తే, "గీ రోజుల్ల నీ పేరు చెప్తే లొల్లి ఆడికి ఆగదు చెల్లె. నన్నయితే నాలుగు తిట్టి ఊకుంటరు. జర చాయ్ చెప్పు," అన్నారు.

నిన్న కర్మన్‌ఘాట్‌లో వారింటికి ఆ మాస్టారూ వచ్చారు. కళ్లు తుడుచుకుంటూ, "మస్తు పనిమంతుడు. జన్మల ఒక్కటే తప్పు చేసిండు, అది నా తాననే," అన్నారు. పక్కనే ఉండి కూడా నేను నోరు మెదపలేకపోయాను.

అంతటి సౌజన్యమూర్తి మాకిక దొరకరు. అన్నా, మీకు నేను సమర్పించగల నివాళి ఈ నాలుగు ముక్కలే. మాస్టారూ, ఆ డిస్కు చెరిపింది నేను. మా యాదగిరన్న ఆ ఒక్క తప్పు కూడా చేయలేదు.