గిన్నెలో మిగిలిన పెరుగు

ఎనభైల నాటి మాట. పెందుర్తి వెళ్లే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో ఒక స్టీలు గిన్నె ఉంది. దాని మూత మీద గుడ్డ కట్టి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా ఆవిడ గిన్నెను రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేది. నా చేతిలోని పుస్తకం అట్ట మీద కప్ప బొమ్మ చూసి, అదేం చదువని అడిగింది. బడిలో పిల్లలకి ప్రాణమున్న వాటి గురించి పాఠాలు చెప్తానన్నాను.

"పెరుగులో పేనముంటదేటమ్మా?"

"ఉంటుంది పెద్దమ్మా. కంటికి కనపడని జీవులుంటాయి. పాలు తోడుకునేది వాటివల్లే."

"ఇది నా కూతురు తోడెట్టిన పెరుగు. హార్బర్ కాడ ఆల అత్తోరిల్లు. జొరమొచ్చి పోనాది. దాని సేత్తో సేసింది ఇదొక్కటే మిగిలింది. రోజూ దీంతోనే తోడెట్టుకుంటే, అదెట్టిందే ఎప్పటికీ ఉంటాదా?"

పాత జీవులు చచ్చిపోతాయని, వాటికి పుట్టినవి మిగులుతాయని, ఆ వరస మాత్రం ఎక్కడా తెగదని చెప్పాను. జీవం జీవం నుంచే వస్తుందన్నాను.

ఆవిడ గిన్నె మూత నిమిరింది.

"అదీ నాలోంచే వచ్చింది కదమ్మా," అంది. "మరి తోడు ఉండిపోయి, పెరుగు పోనాదేటి?"

ఆవిడ తన స్టాపులో దిగి, గిన్నెను కడుపుకి ఆనించుకుని, తొణక్కుండా మెల్లగా నడిచి వెళ్లిపోయింది.

తర్వాత చాలా ఏళ్లు బడిలో ఆ పాఠం చెప్పాను. జీవం జీవం నుంచే పుడుతుందని బోర్డు మీద రాశాక, పిల్లల వైపు తిరగడానికి నాకు కొంచెంసేపు పట్టేది.