విదేశీ టపా బల్ల

ఆ తపాలా ఆఫీసులో విదేశీ ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా ఒకావిడే కూర్చుంటోంది. అందరూ ఆమెను అక్కయ్యగారనే పిలిచేవారు. సొంత చెల్లెలు మాత్రం సముద్రం అవతల, పరాయి దేశంలో కాపురం చేసుకుంటోంది. నెలకో ఉత్తరం, అంతే. వాళ్లిద్దరికీ పుట్టింటివైపు ఇంకెవరూ లేరు.

ఎదురుగా గోడంతా అరలు, దేశానికొకటి. ఒక వేసవిలో ఏటినీళ్ల కోసం రెండు చిన్న దేశాలు కొట్టుకున్నాయి. ఆ దేశాలకు టపా ఆపేసి, ఆ రెండు అరలకూ అట్టముక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టమని ఉత్తర్వు వచ్చింది.

“పాలివాళ్ల తగువులెండి. కోతలనాటికి సర్దుకుంటారు,” అన్నాడు సూపరింటెండెంటు.

సర్దుకోలేదు. ఓడిపోతున్నవాళ్లకు అండగా ఉంటానని ఒక పెద్ద దేశం ఎప్పుడో సంతకం పెట్టింది, దిగింది. అది దిగితే ఊరుకోనని ఇంకొకటి మాటిచ్చింది, అదీ దిగింది. ధాన్యం ఓడలు తిరిగే జలసంధిలో, ఎవరు వదిలిన మందుపాతరో తగిలి, ఏ గొడవా లేని దేశపు ఓడ మునిగింది. ఆ దేశమూ కత్తి దూసింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, పాత సరిహద్దులు లాక్కుందామని మరో రెండు బయల్దేరాయి. వారానికో అట్టముక్క.

“ఇంతమందికీ ఆ ఏరెందుకండీ?” అని ఆమె సూపరింటెండెంటును అడిగింది.

“ఏరు సంగతి అందరూ మర్చిపోయారు అక్కయ్యగారూ. ఎవడూ ఇచ్చిన మాట తప్పలేదు. అదే కొంప ముంచింది.”

చలికాలంలో ఆమె దేశం కూడా చేరింది, చెల్లెలి దేశానికి ఎదురు పక్షాన. ఆ ఉదయం సుత్తి పట్టుకుని ఆమె చెల్లెలి దేశపు అర ముందుకెళ్లింది. అరలో పద్నాలుగు ఉత్తరాలున్నాయి, అందులో తనదొకటి. తనదాన్ని గుట్టుగా చేతిసంచిలో వేసుకోవడం ఆమెకు చేతకాలేదు. అన్నింటి మీదా ‘దారి లేదు’ ముద్ర కొట్టింది. మర్నాడు పోస్టుమాన్ ఆమె ఉత్తరాన్ని ఇంటి గుమ్మంలోకే తెచ్చిచ్చాడు.

ఎటూ చేరని దేశం ఒకటి మిగిలింది. అక్కణ్ణుంచి వచ్చే టపా సంచుల చీటీల మీద ఏళ్లుగా ఒకే గుండ్రటి చేతిరాత. ఆ మనిషెవరో ఆమెకు తెలియదు. అయినా ఆ మనిషికే ‘దీన్ని మా చెల్లెలికి చేర్చగలరా?’ అని రాసి, లోపల ఇంకో కవరు పెట్టి పంపింది. పది వారాలకు అదే గుండ్రటి రాతతో జవాబొచ్చింది. లోపల చెల్లెలి కార్డు:

“అక్కా, ఉన్నాం. ఇక్కడ నీ దేశం మాటెత్తకూడదు. నువ్వు గుర్తొస్తే వంటింట్లోకెళ్లి గొణుక్కుంటున్నా.”

నెల తిరక్కుండా ఎటూ చేరని ఆ దేశపు రేవు కావాలని ఇరుపక్షాలూ దాని మీద పడ్డాయి. ఆమె ఆ అరకూ మేకులు కొట్టింది. ఆ గదిలోని తోటివాళ్లు వేరే పనులకు మారిపోయారు. తిరిగొచ్చిన ఉత్తరాలు చూడ్డానికి ఆమె ఒక్కతే మిగిలింది. ఇంట్లోనూ గోడే, ఆఫీసులోనూ గోడే. కొన్ని రోజులు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించేది.

నాలుగేళ్లకు యుద్ధం ఆగింది. చెల్లెలి ఉత్తరం వేరే ఊరి నుంచి వచ్చింది. మరిది లేడట. అక్కయ్యగారు మొదటిసారి దీర్ఘసెలవుకు అర్జీ రాసి, ఓడెక్కింది.