దీవిలో ఎడమచేతి అలుకు

మొన్న శుక్రవారం సౌదీలో, అల్ ఖోబర్ అజీజియాలో ఉండే మా చెల్లెలి కొడుకు ఫోనులో ఒక వీడియో పంపాడు. స్నేహితులతో పడవెక్కి ఏదో దీవి చూడటానికి వెళ్ళాడట. కంచె వేసిన నాలుగు మొండిగోడలు, పక్కన అరబ్బీలో రాసిన బోర్డు, వాటి ముందు నల్ల కళ్ళద్దాలతో నవ్వుతూ వాడు. వాడికి అవి ఫోటోకు పనికొచ్చే పాత గోడలు. నేను మాత్రం మూలగది గడప కనిపించగానే వీడియోను అక్కడే ఆపేశాను, ఎందుకంటే ఆ గడపను మట్టిలోంచి బయటికి తీసినవాణ్ణి నేనే.

కువైట్ యుద్ధం నాటికి గల్ఫులో ఉన్న నా ఈడువాళ్ళకు ఆ రోజుల సంగతి నేను చెప్పక్కర్లేదు. నేనప్పుడు కువైట్ సరిహద్దు దగ్గరున్న హఫర్ అల్ బాతిన్‌లో గోడలు కట్టేవాణ్ణి. సైరన్ మోగితే విషవాయువు భయానికి ముఖానికి తడిగుడ్డ కట్టుకుని మంచాల కింద దూరేవాళ్ళం. మంచం ఏ బాంబును ఆపుతుందో మమ్మల్ని అడగొద్దు. మా కఫీల్, అంటే మమ్మల్ని రప్పించుకున్న యజమాని, మా పాస్‌పోర్టులన్నీ పెట్టెలో వేసుకుని పెళ్ళాంపిల్లలతో జిద్దాకు వెళ్ళిపోయాడు. యుద్ధం ఆగి అతను తిరిగొచ్చాక, తగలబడుతున్న కువైట్ నూనెబావుల పొగకు ఆరేసిన చొక్కాల మీద ఇంకా మసి రాలుతుండగానే, నన్నూ మరో ఐదుగురినీ తూర్పుతీరంలో ఒక చిన్న దీవికి పంపాడు. అక్కడ పాత ఇళ్ళు తవ్వించే ఒక పెద్దసారుకు కూలీలను ఇచ్చే కాంట్రాక్టు అతనికి దొరికింది.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. యుద్ధానికి ముందు నేను విమానం ఎక్కిన ఐదు నెలలకు నాకు కూతురు పుట్టింది. మూడో ఏడు నిండేలోగా వేములవాడలో పుట్టెంట్రుకలు తీయిస్తామని మొక్కు. నేను వచ్చేదాకా పిల్ల తలకు కత్తి తగలనివ్వొద్దని నా ఉత్తరం. జుట్టు భుజాల మీదికి పడుతోందని, దువ్వెన చూస్తే చాలు ఏడుస్తోందని మా ఆవిడ రాయించేది. దీవి పని నాలుగు నెలలేనని, అది కాగానే ఎగ్జిట్, అదే దేశం విడిచి ఇంటికి పోయే అనుమతి, కొట్టిస్తానని కఫీల్ మాట ఇచ్చాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే మొక్కు గడువుకు సరిగ్గా ఇల్లు చేరతాను.

ఆ దీవికి పడవ వారానికి ఒక్కసారే, నీళ్ళూ కూరగాయలూ తెచ్చి వెళ్ళేది. మా గుర్తింపు కార్డు ఇఖామా కూడా కఫీల్ దగ్గరే ఉంది కాబట్టి అవతలి ఒడ్డుకు చేరినా చెక్‌పోస్టు దాటలేం. సాయంత్రం పని దిగాక ఊపిరాడనట్టుండి ఒడ్డు వెంట నడవడం మొదలుపెడితే, అరగంటలో మళ్ళీ మా డేరా ముందే తేలేవాణ్ణి.

మేం తవ్వుతున్నవి రాజుల కోటలు కావు. ఆఫ్రికా నుంచి తెచ్చి అమ్మిన మనుషులు, యజమానుల కోసం ముత్యాలకు సముద్రంలో మునకలు వేసేవాళ్ళు, కాపురమున్న ఇళ్ళు. నేను ఉయ్యాలలో ఉన్న రోజుల్లో ఆ దేశంలో బానిసత్వం రద్దయిందట. ఆ తర్వాత వాళ్ళు అక్కడే ఉండిపోయారా, వాళ్ళు పోయి వేరేవాళ్ళు వచ్చి చేరారా అన్నది పెద్దసారుకు తేలాలి. మా కాపలాదారు ముసలి బాబా ఆ ఇళ్ళలోనే పుట్టినవాడు. తమవాళ్ళు ఎక్కడికీ పోలేదని ఆయన చెబుతూనే ఉన్నా, నోటిమాట చాలదు, నేలలో ఆనవాలు దొరకాలి అనేవాడు పెద్దసారు.

నేల సంగతి నాకు తెలుసు. మాది తరతరాలుగా మట్టిగోడలు పెట్టే ఇల్లు. ఒకరోజు మూలగదిలో తాపీతో పొర లేపుతుంటే, సున్నంమట్టితో అలికిన పొరలు ఒకదాని మీద ఒకటిగా కనిపించాయి. ప్రతి పొర మీదా అరచేతి వంపులు మా అమ్మ అలికినప్పుడు పడేవాటికి సరిగ్గా ఎదురుదిక్కుకు తిరిగి ఉన్నాయి. అలికిన మనిషిది ఎడమచేతివాటం. పొరల నడుమ సోడా సీసా మూత ఒకటి దొరికితే, అది విడుదల నాటిదని పెద్దసారే తేల్చాడు. ఆ మూతకు కిందా పైనా అదే ఎడమచెయ్యి, అంటే విడుదలకు ముందూ తర్వాతా ఆ ఇంట్లో ఉన్నది ఒకే మనిషి. ఆయనకు వంపులు కనిపించలేదు, నాకు కనిపించాయి. నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. నేనేమో సామాను తెచ్చే కడప డ్రైవరన్న పడవరోజు వచ్చేదాకా ఆగి మరీ, ఆయన చేత అరబ్బీలో చెప్పించి నోటిదూల తీర్చుకున్నాను.

పెద్దసారు నేల మీద మోకరిల్లి చూసి, లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. బాబా ఆ వంపుల మీద అరచెయ్యి ఆనించి, తన తల్లిది ఎడమచేతివాటమేనని చెప్పాడు. విడుదల కాగితం చదివి వినిపించిన మర్నాడు కూడా ఆమె ఎప్పటిలాగే ఇల్లు అలికిందట. ఎక్కడికి పోవాలో ఎవరికీ తోచలేదట. వాళ్ళు కాగితం వచ్చినా కదలలేకపోయారు, నేను కాగితం లేక కదలలేకపోతున్నాను. నేను బానిసను కాను, ఏజెంటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి నా కాళ్ళతో నేనే వచ్చినవాణ్ణి. అయినా ఆ పూట బాబా పక్కన కూర్చుంటే నాకు దుఃఖం ఆగలేదు.

మరుసటి వారం పడవలో కబురొచ్చింది. నేల చూసి చెప్పగల ఈ మనిషి లేనిదే మిగతా ఇళ్ళు తవ్వలేనని పెద్దసారు కఫీల్‌కు రాశాడట, నన్ను మెచ్చుకుంటూనే రాశాడు పాపం. కఫీల్ నా ఎగ్జిట్ పక్కన పెట్టి ఇంకో ఏడాదికి కాంట్రాక్టు రాసుకున్నాడు. కడపన్న తల పట్టుకుని, "ఎందుకప్పా నీకీ పెద్దరికం? గమ్మునుండింటే వచ్చే నెల ఊర్లో ఉండేవానివి గదా!" అన్నాడు. పిల్ల మొక్కు సంగతి తెలిశాక పెద్దసారు వెంటనే కలం తీశాడు. నన్ను వదిలేయమని మళ్ళీ రాశాడు, కఫీల్ వినలేదు. ఆ తర్వాత నేలలో ఏం కనిపించినా అడిగితే తప్ప నేను చెప్పలేదు.

మూడు నెలలకు ఒక ఫోటో వచ్చింది. గుండుకు గంధం పూసుకుని, మా బావమరిది ఒళ్ళో కూర్చున్న పిల్ల. గడువు దాటనివ్వకూడదని పెద్దలు పట్టుబట్టారట. మేనమామ ఒళ్ళో తీయించడం ఆచారమే, తప్పు లేదు. పక్కన నిలబడాల్సినవాణ్ణి నేను లేను, అంతే. ఏడాది దాటాక ఇల్లు చేరితే, వాకిట్లో ఆడుకుంటున్న నాలుగేళ్ళ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మా బాపు ఇంట్ల లేడు, సౌదీల ఉన్నడు," అని చెప్పి లోపలికి పరుగెత్తింది.

ఇప్పుడు మా మేనల్లుడు సెలవు కాగితం ఫోనులోనే తీసుకుంటాడు, తన కూతురు అన్నం తినే వేళకు రోజూ తెరమీద కనిపించి కబుర్లు చెబుతాడు. మాకు లేని వెసులుబాటు వాళ్ళకు వచ్చినందుకు నాకు నిజంగా సంతోషమే. నా కూతురూ ప్రేమ గలదే. వచ్చినప్పుడల్లా నాకిష్టమైనవి వండిపెడుతుంది, మందులు వేసుకున్నానా అని అడుగుతుంది. కాకపోతే ఏ కష్టం వచ్చినా దాని మొదటి ఫోను మేనమామకే పోతుంది. నాకు ఆ సంగతి అంతా సర్దుకున్నాక, ఎవరి నోటనో తెలుస్తుంది.